ఫిట్స్ వాటంతటవే ఎందుకు ఆగుతాయి? మెదడు సొంత బ్రేకుల సంగతి

బస్టాండులోనో పెళ్లి పందిట్లోనో ఎవరికైనా ఫిట్స్ వచ్చి పడిపోతే, చుట్టూ మూగిన జనంలోంచి ముందుగా వినిపించేది "తాళాలు, తాళాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా" అనే కేకే. ఎవరో ఒకరు బండి తాళాల గుత్తి తీసి, బిగుసుకుపోయిన పిడికిలి బలవంతంగా విప్పి అందులో పెడతారు. ఇంకో నిమిషానికి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం తగ్గుతుంది, గురక లాంటి ఊపిరి మొదలవుతుంది, ఇనుము పనిచేసిందని చూసినవాళ్లంతా నమ్ముతారు. అలా నమ్మడంలో వాళ్ల తప్పేమీ లేదు, కళ్ల ముందు జరిగింది అదే కదా. కానీ తాళాలు పెట్టకపోయినా అవి ఆగేవే. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో, ఏ మందూ పడకుండానే ఆగిపోతాయి.

ఫిట్స్ ఎందుకు వస్తాయని అందరూ అడుగుతారు, ఎందుకు ఆగుతాయని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి రెండోదే పెద్ద చిక్కు ప్రశ్న. లక్షల న్యూరాన్లు, అంటే మెదడులో సంకేతాలు పంపే కణాలు, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఒకే లయలో ఎగసిపడుతున్నప్పుడు, గడ్డివాముకు అంటుకున్న మంటలా అది అంతా కాలేదాకా సాగాలి గానీ రెండు నిమిషాల్లో చల్లారడం ఏమిటి? న్యూరాన్లు అలిసిపోతాయని ఒక జవాబు ఉండేది. అలసటే కారణమైతే ఎవరికీ అరగంట, గంటసేపు ఆగకుండా ఫిట్స్ రాకూడదు, కానీ కొందరికి వస్తాయి, అప్పుడు అవే న్యూరాన్లు అంతసేపూ పేలుతూనే ఉంటాయి. అంటే మామూలుగా ఆగినప్పుడు మెదడు పనిగట్టుకుని ఆపుతోందన్నమాట. దానికి చాలా దారులున్నాయి. ఫిట్స్ నడుస్తుండగా మెదడు కణజాలంలో ఆమ్లత పెరుగుతుంది, అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది, ఈ రెండూ న్యూరాన్లను శాంతపరిచేవే. వీటితోపాటు పనిచేసే ఇంకో గుంపు న్యూరోపెప్టైడ్లు. ఈ వ్యాసమంతా వాటి గురించే.

పెప్టైడ్ అంటే ఎమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన పొట్టి దండ. ఇన్సులిన్ ఈ జాతిదే. మెదడులో న్యూరాన్లు తయారుచేసుకుని వాడుకునే పెప్టైడ్లు వందకు పైనే ఉన్నాయి. అయితే న్యూరాన్ల మధ్య రోజువారీ మాటామంతీ నడిపేవి ఇవి కావు, ఆ పని గ్లుటమేట్, గాబా లాంటి చిన్న అణువులది: గ్లుటమేట్ పక్క న్యూరాన్‌ను ఉత్తేజపరుస్తుంది, గాబా నెమ్మదింపజేస్తుంది. ఈ చిన్న అణువులు సినాప్స్, అంటే రెండు న్యూరాన్లు కలిసే చోటు, అంచునే బుల్లి సంచుల్లో సిద్ధంగా ఉంటాయి, ఒక్క విద్యుత్ సంకేతం వచ్చినా బయటపడతాయి. పెప్టైడ్ల సంచులు వేరు. అవి పెద్దవి, అంచుకు కాస్త ఎడంగా ఉంటాయి, ఒకటీ అరా సంకేతాలకు కదలవు. న్యూరాన్ ఊపిరి తీసుకోకుండా వెంటవెంటనే పేలితేనే లోపలికి సరిపడా కాల్షియం చేరి ఆ సంచులు తెరుచుకుంటాయి. కుక్కర్ మీద వెయిట్ కూడా అంతే కదా, లోపల ఆవిరి మామూలుగా ఉన్నంతసేపూ కదలదు, ఒత్తిడి హద్దు దాటితేనే లేస్తుంది. ఫిట్స్ అంటేనే న్యూరాన్లు హద్దు దాటి పేలడం కాబట్టి, సరిగ్గా ఆ క్షణానికే బయటికొచ్చే ఏర్పాటు ఇది. ఇంత పొందికైన ఏర్పాటు మెదడులో ముందునుంచే ఉందన్న సంగతి ఫిట్స్ ఉన్నవాళ్లకీ వాళ్ల ఇంట్లోవాళ్లకీ తెలియాలి.

వీటిలో అందరికంటే ఎక్కువ పరిశోధన జరిగింది న్యూరోపెప్టైడ్ వై మీద. 1982లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో కజుహికో తతెమోతో, విక్టర్ మట్ దీన్ని పంది మెదడు నుంచి వేరుచేశారు. ముప్పై ఆరు పూసల దండ, రెండు కొసలా టైరోసిన్ అనే ఎమైనో ఆమ్లమే. టైరోసిన్‌కు శాస్త్రవేత్తలు వాడే ఒక్క అక్షరం గుర్తు వై, పేరు అలా వచ్చింది. మొదట్లో దీన్ని ఆకలి పెప్టైడ్‌గానే చూశారు, ఎందుకంటే ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే అవి విపరీతంగా తినేవి. అందుకే అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పామిటర్ బృందం ఈ జన్యువు లేని చుంచెలుకలను పుట్టించినప్పుడు అవి తిండి మానేసి బక్కచిక్కుతాయనే చాలామంది ఊహ. 1996లో ఫలితాలు వచ్చాయి. ఆ ఎలుకలు చక్కగా తిన్నాయి, మామూలుగానే పెరిగాయి. కాకపోతే వాటిలో కొన్నిటికి అప్పుడప్పుడూ ఫిట్స్ వచ్చేవి.

ఆ మరుసటి ఏడాది అవే ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకా కళ్లు తెరిపించింది. కైనిక్ యాసిడ్ అని ఒక పదార్థం ఉంది, జపాన్‌లో ఒక సముద్రపు నాచు నుంచి తీశారు, ఆ నాచును అక్కడ వెనకటి నుంచీ నులిపురుగులకు మందుగా వాడేవారు. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే ఫిట్స్ వస్తాయి. మామూలు ఎలుకలు కాసేపు కొట్టుకుని కోలుకున్నాయి. న్యూరోపెప్టైడ్ వై లేని ఎలుకల్లో మాత్రం ఫిట్స్ అదుపు తప్పి ముదిరిపోయి 93 శాతం చనిపోయాయి. ముందుగా వాటి మెదడులోని ద్రవంలోకి ఈ పెప్టైడ్‌ను ఎక్కించి ఉంచితే అవీ బతికాయి. ఇక్కడ ఒకటి గమనించాలి: ఫిట్స్ మొదలవడం రెండు రకాల ఎలుకల్లోనూ జరిగింది, తేడా అంతా ఆగడంలోనే. ఈ పెప్టైడ్ మొదట్లో అడ్డుపడేది కాదు, మొదలైన దాన్ని ముదరనివ్వనిది.

అది ఆపే తీరు కూడా సరళమైనదే. పెప్టైడ్ ఒంటరిగా ఏమీ చేయలేదు, న్యూరాన్ పైపొరలో దానికోసమే ఉన్న రిసెప్టర్‌కు అంటుకోవాలి. న్యూరోపెప్టైడ్ వైకి మనుషుల్లో నాలుగు ముఖ్యమైన రిసెప్టర్లున్నాయి: వై1, వై2, వై4, వై5. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, అంటే పెద్దవాళ్లలో మందులకు లొంగని ఫిట్స్ ఎక్కువగా పుట్టే చోట, ఫిట్స్‌ను ఆపడంలో పెద్ద పాత్ర వై2ది. ఇది గ్లుటమేట్ విడుదల చేసే కొసల మీద కూర్చుని ఉంటుంది. పెప్టైడ్ వచ్చి అంటుకోగానే ఆ కొసలోకి కాల్షియం వచ్చే ద్వారాలు సన్నబడతాయి, కాల్షియం తగ్గితే గ్లుటమేట్ సంచులు తక్కువగా తెరుచుకుంటాయి, పక్క న్యూరాన్‌కు చేరే రెచ్చగొట్టుడు తగ్గుతుంది. మంట ఒక ఇంటి నుంచి పక్కింటికి పాకకుండా మధ్యలో గడ్డి తీసేయడం లాంటి పని. అయితే అదే పెప్టైడ్ వై1కి అంటుకుంటే కొన్ని ప్రయోగాల్లో ఫిట్స్ పెరిగాయి. ఒకే అణువు, తగిలిన చోటును బట్టి పని మారిపోతోంది. కాబట్టి ఏ పెప్టైడ్ మంచిది అన్న ప్రశ్న సగం ప్రశ్నే, అది ఏ రిసెప్టర్‌కు తగులుతోంది, ఆ రిసెప్టర్ ఏ న్యూరాన్ మీద ఏ భాగంలో ఉంది అన్నది మిగతా సగం.

మెదడుకు ఈ సంగతి తెలిసినట్టే ఉంటుంది దాని నడవడి చూస్తే. మామూలుగా హిప్పోక్యాంపస్‌లో న్యూరోపెప్టైడ్ వైని తయారుచేసేవి గాబాతో పనిచేసే కొన్ని చిన్న న్యూరాన్లే. పక్కనే ఉండే గ్రాన్యూల్ కణాలు దాన్ని దాదాపు తయారుచేయవు. ఎలుకల్లో ఫిట్స్ వచ్చాక చూస్తే ఆ గ్రాన్యూల్ కణాలే దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో గ్యుంతర్ స్పెర్క్ బృందం ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసింది. మందులకు లొంగని ఫిట్స్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేసి తీసిన హిప్పోక్యాంపస్ ముక్కల్ని వాళ్లు పరిశీలిస్తే, వై2 రిసెప్టర్లు పెరిగి వై1 తగ్గి కనిపించాయి. అంటే ఏళ్ల తరబడి ఫిట్స్‌తో నలిగిన మెదడు కూడా చేతులెత్తేయలేదు, బ్రేకును బలపరుచుకుని, పక్కదారి పట్టించేదాన్ని తగ్గించుకుంటోంది. అయినా ఆ ప్రయత్నం వాళ్లకు చాలలేదు, అందుకే ఆపరేషన్ దాకా వచ్చారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే పరిశోధకులకు తట్టిన ఆలోచన సహజంగానే అర్థమవుతుంది: మెదడు ఎటు మొగ్గుతోందో అటే ఇంకొంచెం సాయం పడితే?

సాయం గురించి చెప్పేముందు గాలనిన్ గురించి చెప్పాలి, ఎందుకంటే బ్రేకు ఎందుకు ఫెయిలవుతుందో చూపించింది అదే. 1983లో ఇదే కరోలిన్‌స్కాలో పంది పేగుల నుంచి దీన్ని వేరుచేశారు. ఒక కొస గ్లైసిన్, ఇంకో కొస అలనిన్, రెండూ కలిపి గాలనిన్. దీని రిసెప్టర్లు మూడు. వాటిలో మొదటిది పనిచేస్తే న్యూరాన్ లోంచి పొటాషియం బయటికి పోయే ద్వారాలు తెరుచుకుంటాయి, దాంతో న్యూరాన్ చల్లబడి మళ్లీ పేలడానికి మొరాయిస్తుంది. ఈ రిసెప్టర్ లేని చుంచెలుకల్లో కొన్నిటికి ఏ కారణమూ లేకుండానే ఫిట్స్ వచ్చాయి.

1990ల చివర లాస్ ఏంజెలెస్‌లో ఆంద్రెయ్ మజరాతి, క్లాడ్ వాస్టర్లెయిన్ బృందం ఎలుకల్లో ఆగని ఫిట్స్ తెప్పించి హిప్పోక్యాంపస్‌లో గాలనిన్ ఏమవుతోందో చూసింది. కొన్ని గంటల్లోనే అది తుడిచిపెట్టుకుపోయింది. అదే చోట సూదితో గాలనిన్ ఎక్కిస్తే ఫిట్స్ త్వరగా ఆగాయి, గాలనిన్ పనిని అడ్డుకునే పదార్థం ఎక్కిస్తే ఎక్కువసేపు సాగాయి.

ఎందుకు తుడిచిపెట్టుకుపోతుంది? గ్లుటమేట్, గాబా వాడాక మళ్లీ వెనక్కి పీల్చుకుని సంచుల్లో నింపుకునే వీలుంది, సినాప్స్ దగ్గరే ఆ పని జరిగిపోతుంది. పెప్టైడ్‌కు ఆ వీలు లేదు. ఒకసారి బయటపడ్డది అయిపోయినట్టే, కొత్తది న్యూరాన్ ప్రధాన భాగంలో జన్యువు చూసి తయారై, పొడవాటి తీగ వెంట నడుచుకుంటూ కొసదాకా రావాలి, దానికి గంటలు పడుతుంది. ఊళ్లో ట్యాంకు నీళ్లు అయిపోతే మళ్లీ ఎక్కడో దూరపు రిజర్వాయరు నుంచి రావాల్సినట్టు. రెండు మూడు నిమిషాల ఫిట్స్‌కు ఉన్న నిల్వ సరిపోతుంది. చాలాసేపు సాగితే నిల్వ అడుగంటుతుంది, ఆపేది అడుగంటాక ఆగడం ఇంకా కష్టమవుతుంది. పైగా ఫిట్స్ అలా సాగుతున్నకొద్దీ గాబా రిసెప్టర్లు కూడా న్యూరాన్ పైపొర నుంచి లోపలికి జారుకుంటాయి, ఆస్పత్రిలో మొదట ఇచ్చే లోరజిపామ్, మిడజోలమ్ లాంటి ఇంజెక్షన్లు పనిచేయాల్సింది ఆ రిసెప్టర్ల మీదే. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ కింద లెక్కేసి పరుగెత్తమని డాక్టర్లు చెప్పడానికి వెనక ఉన్న కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. తాళాల కోసం వెతికే సమయంలో గడియారం చూడటం, మనిషిని ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకుండా ఉండటం ఇందుకే అంత అవసరం. మాత్రలు వాడుతున్నవాళ్లు బాగానే ఉందని ఒక్కసారిగా మానేయడం కూడా ఇలాంటి ఆగని ఫిట్స్‌కు దారితీసే పెద్ద కారణాల్లో ఒకటి.

మిగతావాటిలో సొమాటోస్టాటిన్ ఒకటి. 1973లో గొర్రెల మెదడులోని హైపోథాలమస్ నుంచి తీసిన దీన్ని ఎదుగుదల హార్మోన్‌ను అణచేదిగా కనిపెట్టారు, తర్వాత హిప్పోక్యాంపస్‌లో ఇది కూడా బ్రేకులా పనిచేస్తుందని తేలింది. బాధ కలిగించే విషయం ఏమిటంటే టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీలో, అంటే మెదడులో చెవుల పక్కనుండే భాగంలో పుట్టే ఫిట్స్ జబ్బులో, ముందుగా చచ్చిపోయే న్యూరాన్లలో దీన్ని తయారుచేసేవే ఎక్కువ. ఇంకొకటి డైనార్ఫిన్. నల్లమందు జాతి మందులు పనిచేసే రిసెప్టర్ల కుటుంబంలోనే కప్పా అనే ఒక రిసెప్టర్ ఉంది, డైనార్ఫిన్ దాని ద్వారా గ్లుటమేట్ విడుదలను తగ్గిస్తుంది.

అన్ని పెప్టైడ్లూ ఆపేవే అనుకుంటే పొరపాటు. డైనార్ఫిన్‌కు దగ్గరి చుట్టమైన ఎన్‌కెఫలిన్ హిప్పోక్యాంపస్‌లో బ్రేకు వేసే న్యూరాన్లనే నిద్రపుచ్చి ఫిట్స్‌కు దారి తెరవగలదు. సబ్‌స్టెన్స్ పి కూడా రెచ్చగొట్టేదే. పసిపిల్లల మెదడులో సీఆర్‌హెచ్ అనే ఒత్తిడి పెప్టైడ్ గట్టిగా రెచ్చగొడుతుందని ఎలుక పిల్లల మీద ప్రయోగాల్లో తేలింది. ఇది ఇన్ఫంటైల్ స్పాజమ్స్ అనే జబ్బును అర్థం చేసుకోవడానికి ఒక దారి చూపించింది. దీన్ని మొదట వర్ణించింది విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లిష్ డాక్టరు, 1841లో, తన సొంత కొడుకు గురించి. బిడ్డ ఉన్నట్టుండి తల వాల్చి, చేతులు ముందుకు చాచి, సలాం చేసినట్టు ముందుకు వంగుతుంది, క్షణంలో మామూలవుతుంది, మళ్లీ వంగుతుంది, అలా వరసగా, ఎక్కువగా నిద్ర లేచినప్పుడు. ఉలిక్కిపడుతోందనో కడుపునొప్పనో దిష్టి తగిలిందనో అనుకుని ఇంట్లోవాళ్లు వారాలు గడిపేస్తారు, ఆ వారాలే బిడ్డ తెలివితేటలకు కీలకం. ఇలాంటి వరస కదలికలు కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి పిల్లల న్యూరాలజిస్టుకు చూపించడం చాలా మేలు. 1958 నుంచీ దీనికి వాడుతున్న మందు ఏసీటీహెచ్, అది కూడా పెప్టైడే, ముప్పై తొమ్మిది పూసలది. అది అడ్రినల్ గ్రంథి నుంచి స్టెరాయిడ్లు విడుదలయ్యేలా చేసి పనిచేస్తుందనే అనుకున్నారు. టాలీ బరమ్ బృందం కాలిఫోర్నియాలో అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుక పిల్లల్లో కూడా ఏసీటీహెచ్ మెదడులోని మెలనోకార్టిన్ రిసెప్టర్ల ద్వారా నేరుగా సీఆర్‌హెచ్ తయారీని తగ్గిస్తోందని చూపించింది. రెచ్చగొట్టే పెప్టైడ్‌ను ఇంకో పెప్టైడ్‌తో అణచడం అన్నమాట, అదీ దశాబ్దాలుగా వార్డుల్లో వాడుతున్న మందు విషయంలో.

ఇక వైద్యం సంగతి. ప్రపంచంలో ఐదు కోట్ల మందికి ఎపిలెప్సీ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సరైన మందు సరిగ్గా వాడితే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు, కాబట్టి కొత్త చికిత్సల వార్తలు చదివి ఉన్న మాత్రల్ని చిన్నచూపు చూడకూడదు. కానీ మిగిలిన దాదాపు మూడో వంతు మందికి రెండు మూడు రకాల మాత్రలు కలిపి వేసినా ఫిట్స్ ఆగవు. వాల్ప్రోయేట్ అయినా కార్బమాజెపైన్ అయినా లెవెటిరాసెటమ్ అయినా మింగిన మాత్ర ఇరవై నాలుగు గంటలూ మెదడంతటా ఉంటుంది, ఫిట్స్ ఉన్న ఆ రెండు నిమిషాల కోసం. మగత, చిరాకు, మతిమరుపు లాంటి ఇబ్బందులు వచ్చేది అందుకే. పెప్టైడ్ బ్రేకు అలా కాదు, అవసరమైన చోట, అవసరమైన క్షణానికే పడుతుంది. దాన్నే మందుగా ఎందుకు ఇవ్వకూడదంటే, మింగితే పొట్టలో జీర్ణమైపోతుంది, నరానికి ఎక్కిస్తే రక్తంలోని ఎంజైములు ముక్కలు చేస్తాయి, మిగిలినది కూడా రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాటలేదు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు గాలనిన్‌కు కొవ్వు తోక తగిలించి, కొన్ని పూసలు మార్చి ఆ గోడ దాటించే రూపాలు తయారుచేశారు, ఎలుకల్లో అవి ఫిట్స్‌ను ఆపాయి కూడా.

ఎక్కువ ఆశ పెట్టుకున్న దారి వేరేది: పెప్టైడ్‌ను బయటినుంచి ఇవ్వకుండా, దాని జన్యువును హాని చేయని ఒక వైరస్‌లో పెట్టి, ఫిట్స్ పుట్టే చోటే సన్నని సూదితో దింపడం. అక్కడి న్యూరాన్లే ఆ తర్వాత పెప్టైడ్ తయారుచేసుకుంటాయి. 2004లో ఎలుకల్లో న్యూరోపెప్టైడ్ వై జన్యువుతో ఇది చేసి ఫిట్స్ తగ్గించారు. స్వీడన్‌లోని లుండ్‌లో మెరాబ్ కొకాయా బృందం ఇంకో అడుగు ముందుకేసి, పెప్టైడ్‌తోపాటు వై2 రిసెప్టర్ జన్యువును కూడా కలిపి పంపింది, రెండూ కలిస్తే ఫలితం ఇంకా బాగుంది. రిసెప్టర్ సగం లేకుండా పెప్టైడ్ సగం ఒక్కటే చాలదన్న పాత పాఠం ఇక్కడ పనికొచ్చింది. అయితే న్యూరోపెప్టైడ్ వై మరీ ఎక్కువైన ఎలుకలు కొత్త విషయాలు నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. గ్లుటమేట్ తగ్గితే ఫిట్స్‌తో పాటు జ్ఞాపకం కూడా దెబ్బతింటుంది మరి, హిప్పోక్యాంపస్ ఉన్నదే జ్ఞాపకాల కోసం. అందుకే ఆస్ట్రియా, జర్మనీ పరిశోధకులు 2019లో వెల్లడించిన డైనార్ఫిన్ జన్యు చికిత్స ఫలితాలు ఆసక్తి కలిగిస్తాయి. అందులో డైనార్ఫిన్ నిల్వ ఉండి, న్యూరాన్లు వేగంగా పేలినప్పుడే బయటపడింది, ఫిట్స్ నెలల తరబడి అదుపులో ఉన్నాయి, నేర్చుకునే శక్తి దెబ్బతినలేదు. కుక్కర్ వెయిట్ పద్ధతిని ఉన్నదున్నట్టు కాపాడుకున్నారు, అదే తేడా.

2022 నుంచి అమెరికాలో ఇంకో రకం ప్రయోగం మనుషుల్లోనే నడుస్తోంది. మూలకణాల నుంచి పెంచిన గాబా న్యూరాన్లను టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీ ఉన్నవాళ్ల హిప్పోక్యాంపస్‌లోకి నాటుతున్నారు. వాటిలో సొమాటోస్టాటిన్ తయారుచేసే రకం కూడా ఉంది, అంటే జబ్బులో ముందుగా చచ్చిపోయిన ఆ న్యూరాన్ల బంధువులనే తిరిగి అక్కడికి చేరుస్తున్నారన్నమాట.

మెదడులోకి సూది దించడమంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఈ చికిత్సలు ముందుగా ఎవరికోసం ఆలోచిస్తున్నారో చూస్తే ఆ భయం కొంచెం వేరుగా కనిపిస్తుంది. మందులకు లొంగని టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీకి ఇప్పటికే హైదరాబాద్ నిమ్స్‌లోనూ తిరువనంతపురం శ్రీచిత్రలోనూ ఏళ్లుగా ఆపరేషన్లు జరుగుతున్నాయి, చాలామందికి ఫిట్స్ పూర్తిగా ఆగాయి కూడా. ఆ ఆపరేషన్‌లో హిప్పోక్యాంపస్ భాగాన్నే తీసేస్తారు. జన్యువునో న్యూరాన్లనో నాటాలనుకునేది సరిగ్గా ఆ భాగంలోనే. పనిచేస్తే ఆ భాగం మనిషికి మిగులుతుంది, దానితోపాటు అందులోని జ్ఞాపకశక్తీ మిగులుతుంది. పనిచేయకపోతే ఎలాగూ తీసేయాలనుకున్న ముక్కను అప్పుడైనా తీసేయవచ్చు.